డిశ్చార్జి అన్న మాట

తూంకుంటలో ఇళ్ళలో వంట చేసే ఎస్తేరుకు ఇంగ్లీషు మాటలు కొత్తేమీ కాదు. కుక్కరు, మిక్సీ, లీవు, టైము అన్నీ ఆమె నోట్లో నలిగినవే. ఒక్క మాట వింటే మాత్రం ఆమెకు చేతులు చల్లబడతాయి. అది డిశ్చార్జి.

పెద్దన్నకు లివర్ చెడిపోయి ఆసుపత్రిలో ఉన్నప్పుడు డాక్టరు బయటికొచ్చి, "డిశ్చార్జి చేస్తున్నం, ఇంటికి తీస్కపోండి" అన్నాడు. బాగైందనుకుని అందరూ సంబరంగా తీసుకొచ్చారు. మర్నాటికి ఆయన లేడు. ఇంక చేయగలిగింది లేకనే పంపించారని తర్వాత తెలిసింది. ఆపైన ఎంతమంది ఆసుపత్రి నుంచి నవ్వుకుంటూ ఇంటికొచ్చినా, ఎస్తేరు చెవికి ఆ మాట అర్థం మారలేదు.

ఈ వానాకాలం ఆమె భర్త గిడియోన్‌కు డెంగీ వచ్చింది. మేడ్చల్ గోదాముల్లో లారీల మీది బస్తాలు దించే హమాలీ, మంచినీళ్ళ గ్లాసు పట్టుకోలేకపోయాడు. ఎస్తేరు అతన్ని అక్కడే ఓ చిన్న ఆసుపత్రిలో చేర్చింది. ప్లేట్‌లెట్లు పడిపోయాయన్నారు. అతను కాస్త గంజి తాగడం మొదలుపెట్టాక, ఓ పొద్దున నర్సు వచ్చి సెలైన్ సూది తీసేసింది.

"ఇయ్యాల డిశ్చార్జి. ఇంటికి తీస్కపోండి" అని చెప్పి పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

ఎస్తేరు భర్త వైపు చూసి నవ్వబోయింది. నవ్వు రాలేదు. వరండాలోకి వెళ్ళి, యాప్రాల్‌లో ఉండే చెల్లెలు కెజియాకు ఫోన్ చేసింది.

"చెల్లె, జల్దీ రా. మీ బావను ఇంటికి తీస్కపొమ్మంటున్నరు."

"మంచిదే గదక్కా."

"పెద్దన్నను పంపినప్పుడు గూడ గట్లనే అన్నరు."

కెజియా పాస్టరు అయ్యగారిని వెంటబెట్టుకుని ఆటో ఎక్కింది.

కొన్నాళ్ళు పనికి రాలేనని చెప్పడానికి ఎస్తేరు తాను వంట చేసే ఇంటి జానకీదేవిగారికి కూడా ఫోన్ చేసింది. ఆవిడ కాకినాడ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. ఏడుపు మధ్య ముక్కలుగా వచ్చిన మాటలు విని, "కంగారు పడకు, నేనొస్తున్నాను" అంది.

ఆవిడ వచ్చేసరికి పాస్టరుగారు మంచం పక్కన కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నారు. కెజియా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గిడియోన్ లేచి కూర్చుని బిత్తరపోయి చూస్తున్నాడు.

"ఏందే, నాకేమైంది? మంచిగనే ఉన్న గద" అన్నాడు.

జానకీదేవి ఎస్తేరు చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, "నువ్వే అడుగు" అంది. ఇంటికి ఎందుకు పంపిస్తున్నారని ఎస్తేరు అడిగింది.

"జరం పోయింది. ప్లేట్‌లెట్లు పెరిగినయ్. ఇగ ఇంట్ల రెస్టు తీస్కుంటే సాలు" అన్నాడు డాక్టరు.

ఎస్తేరు అక్కడే గోడకు చేరగిలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ఈసారి ఏడుపు వేరు.

"అమ్మా, మరి ఒక్క మాటకు రెండర్థాలేంది?" అని అడిగింది కాసేపటికి.

"అర్థం ఒకటేనే. పూర్వం రోమన్ల భాషలో బండికి ఓ పేరుండేది. కారు అన్న మాట అందులోంచే వచ్చింది. ఆ బండి మీద బరువెక్కించడం ఛార్జి. ఫోన్‌కి ఛార్జింగ్ పెడతావే, అదీ ఎక్కించడమే. ఎక్కించింది దించేస్తే డిశ్చార్జి. ఆసుపత్రివాళ్ళు తమ బరువు దించుకున్నారంతే. మీ అన్నయ్యప్పుడూ ఆ మాటే, ఇప్పుడూ ఆ మాటే. ఎందుకు దించుతున్నారో మనం అడగాలి."

గిడియోన్‌కు ఈ సంగతి చెబితే గట్టిగా నవ్వాడు.

"లోడు దించుడా? గది నేను దినాం జేసే పనే గద. దానికి గింత పరేషానా?"

అయ్యగారికీ నవ్వొచ్చింది. మొదలుపెట్టిన ప్రార్థనను కృతజ్ఞతా ప్రార్థనగా ముగించారు.

మధ్యాహ్నానికి ఇల్లు చేరారు. కెజియా పప్పుచారు కాచింది. గిడియోన్ రెండోసారి అన్నం పెట్టించుకుని తిన్నాడు. ఎస్తేరు అది చూస్తూ చాప మీద నడుం వాల్చి, ఎవరో ఏదో అడుగుతుండగానే నిద్రపోయింది.