బీరువా మీద నిద్రపోయిన కంప్యూటర్

ఆఫీసు కంప్యూటర్ పేరు పక్కన ఎప్పుడూ వెలిగే పచ్చచుక్క బూడిదరంగులో ఉంది. ఆదివారం, వంట ఇంకా పొయ్యి మీదే ఉంది. లాప్‌టాప్ తెరిచి ఆ చుక్క చూడగానే, మంట తగ్గించి వచ్చి కూర్చున్నాను.

మేం ఉండేది తాడేపల్లిగూడెం. నా ఆఫీసు ఏలూరులో. కొల్లేరు చెరువుల్లో పట్టిన చేపలు కొని, ఐసులో పెట్టి, లారీల మీద పై రాష్ట్రాలకి పంపే వ్యాపారం మా సార్‌ది. లెక్కలూ బిల్లులూ అన్నీ అక్కడున్న ఒకే ఒక్క కంప్యూటర్లో ఉంటాయి. చిన్నవాడు పుట్టాక ఉద్యోగం మానేస్తానంటే, ఇంట్లో కూర్చునే ఆ కంప్యూటర్‌లోకి వెళ్లి పనిచేసుకునే ఏర్పాటు ఆయనే చేయించారు. ఒక మాట మాత్రం అన్నారు.

"నీ మూలంగా లోడు ఆగిందో, మర్నాటి నుంచీ ఆఫీసు కుర్చీలో కనబడాలమ్మాయ్."

పెద్దదానికి ఏడేళ్లు, చిన్నవాడికి నాలుగు. మా ఆయన కొల్లేరు వైపు చెరువుల మీద సూపర్‌వైజరు. వానలు పట్టాయంటే గట్టు దాటి రావడానికి ఉండదు. నేను రోజూ ఏలూరు వెళ్తే వీళ్లని ఎవరు చూస్తారు? ఆ ప్రశ్నకి జవాబు లేకే ఇన్నాళ్లూ ఆ పచ్చచుక్కని నమ్ముకున్నాను.

ఆరోజు తెల్లవారే చేపల పట్టుబడి అయిపోయింది. శీలావతి, బొచ్చె. తూకాలు ఫోన్‌కి వచ్చేశాయి. రెండు లారీలు ఐసు పోసుకుని గట్టు మీద నిలబడ్డాయి. బిల్లు చేతికి రాకుండా లారీ కదలదు.

ముందు మా ఇంటి నెట్ చూశాను. బాగానే ఉంది. అయినా రూటర్ ఆపి మళ్లీ పెట్టాను. పడుకున్న కంప్యూటర్‌ని దూరం నుంచి లేపడానికి ఫోన్లో ఒక మీట ఉంది. అది నొక్కాను. ఆగి మళ్లీ నొక్కాను. చుక్క మారలేదు. శుక్రవారం దాకా ఒక్క నొక్కుకే లేచేది.

"ఏం చేస్తున్నావమ్మా?" అంది పెద్దది.

"ఆఫీసు కంప్యూటర్ పడుకుంది. లేపుతున్నా."

"మమ్మల్ని లేపినట్టు దుప్పటి లాగెయ్యరాదూ?"

నవ్వి ఫోన్ అందుకున్నాను. మా ఆయనకి ఫోన్ చేస్తే అందుబాటులో లేరంది. మెసేజ్ పెట్టాను. ఒకే టిక్కు పడింది. సార్‌కి చేయడానికి భయం. ఆఖరికి ఆఫీసులో నాతోపాటు పనిచేసే అక్కకి చేశాను.

"ఏమ్మా, ఆదివారం కూడానా? ఉండు, పాట మొదలైంది, చర్చి బయటికొస్తున్నా."

"అక్కా, నిన్న కంప్యూటర్ ఏమైనా కదిపారా?"

"కదపడమేంటి, బీరువా ఎక్కించాం! తమ్మిలేరుకి నీళ్లు వదులుతున్నారు, వీధుల్లోకి వరదొస్తుందంటే ఇంట్లో బియ్యం బస్తా ఎక్కించి, ఆఫీసుకొచ్చి దీన్ని ఎక్కించాం. సార్ అటు, నేనిటు. పెళ్లికూతుర్ని గంపలో మోసినట్టు మోశామనుకో."

"మరి నెట్ వైరు?"

"అంత పైకి అందలేదు. వైఫై పెట్టేశాం. సాయంత్రం దాకా బంగారంలా నడిచింది."

అప్పుడర్థమైంది. మెలకువగా ఉన్నంతసేపూ దానికి వైఫై చాలు. ఒకసారి పడుకుంటే మాత్రం, మా కంప్యూటర్ వైరు గుండా వచ్చే పిలుపుకే లేస్తుంది. వైరు కింద వేలాడుతోంది, కంప్యూటర్ బీరువా మీద ఉంది. నేను ఇక్కణ్ణించి ఎంత నొక్కినా దానికి వినబడదు. ఎవరో ఒకరు వెళ్లి చేత్తో తాకాలి.

"మీరొకసారి వెళ్లగలరా అక్కా?"

"వెళ్దును గానీ, తాళాలు ఆయన దగ్గరే కదమ్మా."

సార్‌కి చేసి సంగతి చెప్పాను. అన్నం ముందు కూర్చున్నట్టున్నారు.

"మీట నొక్కడానికి నేను వెళ్లాలా?"

"ఇంకో దారి లేదండీ."

కంచం జరిపిన చప్పుడైంది. "సరే" అని పెట్టేశారు.

పిల్లలకి అన్నం పెట్టాను. తిని అక్కడే చాప మీద నిద్రపోయారు. బయట వాన. ఎదురింటి పిన్నిగారు ద్వారకా తిరుమల వెళ్లారు, వాళ్ల తలుపుకి తాళం. లాప్‌టాప్ ముందు కూర్చుని, బూడిద చుక్కని చూస్తూ, ఈ ఊళ్లో ఇప్పుడు నేను సాయానికి పిలవగలిగిన పెద్దవాళ్లు ఒక్కరైనా ఉన్నారా అని ఆలోచించాను. ఎవరూ తట్టలేదు.

చుక్క పచ్చబడింది. తెర తెరుచుకుంది. నేను ముట్టుకోకుండానే బాణం గుర్తు కదిలింది. అటూ ఇటూ, దారి తెలియనట్టు. ఫోన్ మోగింది.

"అమ్మాయ్, కనబడుతున్నానా?"

"మీరు కనబడరండీ. మీ బాణం కనబడుతోంది."

"అదే నేను. స్టూలెక్కి నిలబడ్డాను, తొందరగా కానీ."

నేను తూకాలు ఎక్కిస్తుంటే బాణం జారి పక్క గడిలోకి పోతోంది.

"సార్, మౌస్ మీంచి చెయ్యి తీసెయ్యండి."

"తీస్తే మళ్లీ పడుకోదూ?"

"పడుకోదండీ, నేను పనిచేస్తున్నాగా."

"పోనీలే, కింద కూచుంటాను. ఫోన్ పెట్టెయ్యకు."

పెట్టలేదు. ఆయన దగ్గు, ఫ్యాను చప్పుడు, అప్పుడప్పుడూ "అయిందా?" అన్న మాట. కోపంగానే అడుగుతున్నారు. అయినా ఆ కాసేపూ నాకు తోడున్నట్టే అనిపించింది. ఇది చెప్పుకోవడానికి సిగ్గే, కానీ నిజం.

బిల్లులు వెళ్లాయి. లారీలు ఆలస్యంగా, మళ్లీ ఐసు పోయించుకుని కదిలాయి. కంప్యూటర్ ఇక పడుకోకుండా సెట్టింగు మార్చి, ఆ మాటే సార్‌కి చెప్పాను.

"సరేనమ్మా, పడుకోదు. రేపు కరెంటు పోతే?"

పొడుగు వైరు కొనొచ్చని, తాళం అక్క దగ్గర ఒకటి ఉంచొచ్చని చెప్పాలనుకున్నాను. ఆయనే మళ్లీ అందుకున్నారు.

"రోజూ రమ్మనను. లోడింగు ఉన్న రోజులు వచ్చెయ్. రేపు కూడా లోడుంది." గొంతు తగ్గించి అన్నారు. "నాకూ వయసైపోతోంది, స్టూళ్లెక్కలేను."

"అలాగేనండీ" అన్నాను.

ఆయన తలుపు వేసి వెళ్లిపోయాక కూడా తెర అలాగే వెలుగుతూ ఉంది. బాణం ఒకచోటే నిలబడింది. రాత్రికి మా ఆయన ఫోన్ చేశారు. "ఇప్పుడే సిగ్నల్ వచ్చింది. ఏంటి విశేషం?" నీళ్లలో తడిసి, అలిసిపోయిన గొంతు. పిల్లలు తిన్నారని చెప్పాను. మిగతాది చెప్పలేదు.

పిన్నిగారు వచ్చేసరికి బాగా పొద్దుపోయింది. తలుపు తట్టి, రేపు పిల్లల్ని చూసిపెట్టమని అడిగాను. మోకాళ్ల నొప్పులున్నా కాదనలేదు.

పొద్దున్న యూనిఫాం గుండీలు పెడుతూ పిల్లలకి చెప్పాను. "ఇవాళ బస్సు దిగాక మనింటికి కాదు, పిన్నిగారింటికి వెళ్లండి. అమ్మ ఏలూరు వెళ్తోంది. తమ్ముడు ఏడిస్తే మంచినీళ్లు తాగించి, అమ్మ రైల్లో ఉందని చెప్పు. చీకటి పడినా భయపడకండి, నేను వచ్చేస్తాను."