అన్నకు మంట తగ్గిన రోజు

హిందూపురం ఆసుపత్రిలో నర్సమ్మ విరిగిన నా కాలికి కట్టులా తొడిగిన బూటు పట్టీలు విప్పినప్పుడల్లా, లోపల మగ్గిన దూది వాసనా చెమట వాసనా కలిసి గుప్పుమంటాయి. పెనుకొండ కోట మీద చిరుత తరిమితే దూకి కాలు విరగ్గొట్టుకున్నానని పక్క మంచాల వాళ్లకు చెప్పాను. నిజానికి స్నానాల గదిలో సబ్బు మీద కాలేసి జారాను. ఆ వాసన మాత్రం నన్ను ధర్మవరంలోని మా పాత ఇంటికి, మా అన్న దగ్గరికి లాక్కుపోతుంది.

ఆ ఇంట్లో తెల్లారింది మొదలు మగ్గం చప్పుడే. ఉగాది ముందటి ఎండలు, పట్టుపోగుల గంజి వాసన, వాకిట్లో ఆరేసిన చింతపండు పులుపు, వక్కాకు నములుతూ అవ్వ గొణుక్కునే మాటలు, గోలీలాడి దుమ్ముచేతులతో వస్తే పట్టు ముట్టనీకుండా నాయన వేసే కేకలు. అన్న అప్పుడప్పుడే మగ్గం గుంతలో దిగి, కాళ్లతో చెక్కలు తొక్కుతూ నేయడం నేర్చాడు. వాడి కాళ్లలో తాళం ఉందని నాయన మురిసిపోయేవాడు.

ఆ ఏడు అన్న చింతచెట్టు మీంచి పడ్డాడు. కాలు విరిగింది. కట్లు కట్టే పెద్దాయన గుడ్డుసొన పూసిన గుడ్డ చుట్టి, వెదురు దబ్బలు పెట్టి, తాడు బిగించి పోయాడు. మగ్గం మీద సాగదీసిన పడుగు పోగులు వదులైతే చీర చెడుతుందని ఎరిగిన చేతులు నాయనవి. మగ్గం సరిచూసుకున్నట్టే రోజూ ఆ తాడునూ ఇంకాస్త బిగించేవాడు.

"మడమ కాడ మంటగా ఉండాది నాయనా," అనేవాడు అన్న.

"ఓర్చుకోబ్బా. వదులుగా ఉంటే ఎముక యాడ కూడుకుంటాది?"

కొన్నాళ్లకు అన్నే, "ఇప్పుడు మంట లేదు నాయనా," అన్నాడు. ఇంటిల్లిపాదికీ ప్రాణం లేచొచ్చింది. అవ్వ ఆ పూటే శనగపప్పు బేళ్లు ఉడకేసి, బెల్లం కలిపి ఓళిగలు చేసింది. నెయ్యి కమ్మదనం చాటున ఇంకేదో వాసన.

"యాడో ఎలుక సచ్చినట్టుండాది, సూడండ్రా," అంది అవ్వ.

మగ్గం గుంతంతా వెతికాం. పిల్లి అంతటి పందికొక్కును చంపి పారేశానని నేను వీధంతా చెప్పుకున్నాను. పందికొక్కూ లేదు, ఎలుకా లేదు. వాసన వచ్చింది అన్న కట్టులోంచి.

విప్పితే, దబ్బ ఒత్తుకున్న చోట మడమ నల్లగా మాడినట్టుంది. అక్కడి కండ చచ్చిపోయింది గనకే మంట తెలియలేదు. విరిగిన ఎముక చక్కగా కూడుకుంది, మడమే బాగుపడలేదు. అన్న మళ్లీ గుంతలో దిగలేదు. గడప పక్కన కూర్చుని కండెలకు పట్టుపోగు చుట్టేవాడు. నేస్తున్నంతసేపూ నాయన ఆ గడప వైపు చూసేవాడు కాదు.

ఇప్పుడు నాయన లేడు, అన్నా లేడు. మగ్గం గుంత పూడ్చి బండలు పరిచాం. దాని మీద మా మనవడు మోటారు సైకిలు నిలుపుతాడు.

ఇవాళా నర్సమ్మ బూటు పట్టీలు విప్పి, మడమ ఎత్తి చూసి, మెత్త సర్దింది.

"నాది ఇనుప కాలు తల్లీ, నొప్పే లేదు," అన్నాను.

"లేకున్నా సూడాల తాతా," అంటూ పట్టీలు పెట్టేసి లేవబోయింది.

"ఇంగోసారి సూడమ్మా."

"ఏం, నొప్పుండాదా?"

"లేదు తల్లీ. అందుకే సూడమంటాండా."