పక్క సీటు మోత

డాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగితే రహమత్ నగర్ మెకానిక్ స్కానర్ తగిలించాడు. తెర మీద కోడ్ వచ్చింది. నేను బడి మానేసిందే అలాంటి అక్షరాలకు భయపడి.

"పక్క సీటు కింద వైరు ఊడిందన్నా. గీడ ఎవరు కూసుంటరు?"

"గాలి కూసుంటది. మంచి మనిషి, గొణగదు."

ఒకప్పుడు అక్కడ మా ముసలి నటుడు కూర్చునేవాడు, నేను ఆయన డ్రైవర్ని. షూటింగ్ చొక్కా ఇస్త్రీ నలుగుతుందని బెల్టు పెట్టుకునేవాడు కాదు. బెల్టు పెట్టుకోమని ఫిల్మ్ నగర్ దాకా బండి కీచుమంటూనే ఉండేది. ఆయన పోయాక ఇంటివాళ్లు బండి నాకిచ్చేశారు.

మెకానిక్ వైరు బిగించి ఆ సీట్లో కూర్చున్నాడు. నేను తాళం తిప్పగానే, బెల్టు లేదని బండి మళ్లీ అలాగే కీచుమంది.

"లైటు పోయిందన్నా, ఇగ దిగుతా."

"జర ఆగు తమ్మీ. ఫిల్మ్ నగర్ దాకా పోయి చాయ్ తాగొద్దాం. లైటు మళ్లొస్తదేమో సూడాలె."