గులాబీకి గంజి పెట్టిన బాపు

ఆ రోజుల్లో నా కోపం ముక్కు మీదే ఉండేది. (ఇప్పుడు దిగిందంటే మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు, అది వేరే సంగతి.) డిగ్రీ చివరి ఏడు. ఫేర్‌వెల్ నాడు నేను పెంచిన గులాబీనే జడలో పెట్టుకొస్తానని క్లాసంతా గొప్పలు చెప్పాను. ములుగు నర్సరీ నుంచి తెచ్చుకున్న మొక్క, సిద్దిపేటలో మా ఇంటి ముందు కుండీలో చక్కగా మొగ్గ తొడిగింది. సరిగ్గా అప్పుడే ఆకులకు పిండి చల్లినట్టు బూడిద తెగులు పట్టింది. పుల్ల మజ్జిగలో నీళ్లు కలిపి, వడగట్టి, రోజూ పొద్దున్నే చల్లాను. తెలుపు కాస్త తగ్గింది కూడా.

ఒకరోజు కాలేజీ నుంచి వచ్చేసరికి మొక్కంతా తెల్లగా, బిరుసుగా నిలబడి ఉంది. మా బాపుది నేతపని. నూలుకు గంజి పెట్టగా మిగిలింది కుంచెతో నా గులాబీకి పూసేశాడు.

"ఏం చేసినవ్ బాపూ?"

"గంజి పెట్టిన బిడ్డా. నూలుకే బలమొస్తది, ఆకుకు రాదా?"

"ఇప్పుడు ఏది రోగమో, ఏది గంజో ఎట్ల తెలుస్తది?"

"ఎండనియ్యి, దులిపి చూద్దాం" అన్నాడు నింపాదిగా.

నాకు ఒళ్లు మండిపోయింది. రెండు రోజుల్లో గంజికి చీమలు పట్టాయి, మొగ్గలు కుళ్లాయి. ఫేర్‌వెల్‌కు కనకాంబరాలు పెట్టుకుపోతే "గులాబీ ఏదే?" అని అడగని పిల్ల లేదు. ఇంటికొచ్చి కత్తెరతో రోగం పట్టిన ఆకు, కొమ్మ, మొగ్గ అన్నీ కసిగా కత్తిరించి పొయ్యిలో పడేశాను. బాపుతో మాటలు మానేశాను. (టీ తాగుతానేమో అమ్మతో అడిగించేవాడు, వద్దని అమ్మతోనే చెప్పించేదాన్ని.)

కొన్నాళ్లకు ఆ మోడుకు ఎర్రటి చిగుళ్లొచ్చాయి. ఆకుల మీద ఒక్క మచ్చ లేదు. పువ్వు పూసింది. బాపు గేటు దగ్గర నిలబడి పక్కింటి పెద్దమ్మకు చెప్తున్నాడు: "గంజి పెట్టిన, గందుకే గట్ల పూసింది." రోగమంతా కోసి కాల్చింది నేను! ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ మాట్లాడితే నేను ఓడినట్టే కదా, మింగేశాను. వాడకట్టంతా గులాబీలకు గంజి పెట్టడం మొదలుపెట్టారు.

ఆ పువ్వును అమ్మ నా జడలో పెట్టింది. "మంచిగున్నది బిడ్డా" అన్నాడు బాపు మగ్గం మీంచి. నేను విసురుగా మొహం తిప్పుకున్నాను. అప్పటి నాలోని ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అంత కోపంలోనూ, జడలో పువ్వు బాపుకు బాగా కనబడేలా అలాగే చాలాసేపు నిలబడింది.