పాలతో కలిపిన బిస్కట్లు

మా నాయనమ్మ మా అమ్మ చేతి వంట తినేది కాదు. ఇందులో తగవేమీ లేదు. అమ్మ విశాఖపట్నంలో కొళాయి నీళ్ళు తాగి పెరిగిన పిల్ల. కొళాయిలో నీళ్ళు కారకుండా తోలు బిళ్ళ ఉంటుందనీ, ఆ నీళ్ళు తాగిన ఒంటికి మడి పట్టదనీ నాయనమ్మ సిద్ధాంతం. నర్సీపట్నంలో మాకు నూతి నీళ్ళే. అయినా అమ్మ తోడితే అవీ కొళాయి నీళ్ళ కిందే లెక్క. నాన్న తాలూకా కచేరీలో గుమాస్తా. తీర్పులు చెప్పడం ఆయన ఉద్యోగం కాదు, ఇంట్లోనూ చెప్పలేదు.

నాయనమ్మ తన కుంపటి మీద తనే వండుకునేది. భర్త పోయినవాళ్ళ ఆచారం ప్రకారం పగలు ఒకపూట అన్నం, సాయంత్రం ఏదో ఫలహారం. ఒక వానాకాలం మన్యం జ్వరం వచ్చి ఆవిడను మంచాన పడేసింది. జ్వరం దిగింది కానీ కుంపటి ముందు కూర్చునే ఓపిక తిరిగి రాలేదు. నూతి నీళ్ళతో పెరిగిన పక్కింటి ముసలావిడ పగలు ఇంత అన్నం వండి పెట్టేది. రెండోపూట కూడా వచ్చి చేసే ఓపిక ఆవిడకూ లేదు, సాయంత్రం పస్తే. అరటిపండు తింటే దగ్గు, ఒట్టి పాలు తాగితే వికారం. మనిషి చీపురుపుల్ల అయిపోయింది. ఇలాగే సాగితే దక్కదని వైద్యుడు నాన్నతో చెప్పాడు.

అమ్మకు ఆవిడంటే ప్రేమ ఉండేదని నేను చెప్పను. కోడలుండగా అత్త ఆకలితో పోయిందని వీధి అనుకోకూడదన్న పట్టుదల ఉండేది. పట్టుదల కూడా పనికొచ్చే వస్తువే. నీటి చుక్క తగలకుండా పాలతో కలిపిన పిండికి అంటు లేదు, ఎవరు చేసినా తినవచ్చు. మడిలో ఎంత కట్టుదిట్టం ఉందో అన్ని సందులూ ఉన్నాయి.

అమ్మ పుట్టింటి పక్కన ఒక దొరగారి బంగళా ఉండేది. అక్కడి బట్లరు బిస్కట్లు కాల్చడం గోడ మీంచి చూసి నేర్చుకుంది. గుడ్డు మాట మా ఇంట ఎత్తకూడదు కనక ఎత్తలేదు. గోధుమలు తిరగల్లో విసిరి, నెయ్యి, బెల్లం, జీడిపప్పు పలుకులు, చిటికెడు వంటసోడా వేసి పాలతో కలిపింది. గుండిగలో ఇసుక పోసి, దాని మీద బిళ్ళలు పేర్చిన పళ్ళెం పెట్టి, కిందా, మూత మీదా నిప్పులు వేసింది. దొరల బిస్కట్టు విరిస్తే టక్కుమనాలట. అమ్మవి విరగలేదు, సాగాయి. ఆమె మొహం చిన్నబోయింది. అయినా తీసుకెళ్ళి నాయనమ్మ ముందు పెట్టింది.

"ఏటది?"

"పాలతో కలిపానండీ అత్తయ్యగారూ. నీటి చుక్క తగల్లేదు."

"సేతులు తడిగా నేవు గదా?"

"పొడిగుడ్డతో తుడుచుకున్నానండి."

నాయనమ్మకు పళ్ళు లేవు. చిగుళ్ళతో చాలాసేపు నమిలింది. బాగుందనలేదు. ఇంకోదాని కోసం చెయ్యి చాపింది.

ఆ తరవాత రోజూ అదే ఫలహారం. కొన్నాళ్ళకు మంచం దిగి వంటింటి గుమ్మంలో కూర్చుంది. మనిషి లేవగానే పెత్తనమూ లేచింది. "నిప్పు ఎక్కువైంది, బేగి తియ్యి" అనేది. మెచ్చుకోలు మాత్రం పొరపాటున కూడా రాలేదు. అమ్మకు అది గుచ్చుకునేది.

ఎండలు ముదిరాక మా ఆవు వట్టిపోయింది. కొన్న పాలు పనికిరావు, అందులో ఎవరి నూతి నీళ్ళు కలుస్తాయో దేవుడికెరుక. ఆ సాయంత్రం పక్కింటావిడ కూడా మా గుమ్మంలోనే కూర్చుని ఉంది. అమ్మ వచ్చి, పాలు లేవు కనక ఈ పూటకు ఏమీ చెయ్యలేదని చెప్పింది.

"నూతిలో నీళ్ళు నేవా?" అంది నాయనమ్మ.

"ఉన్నాయండి. కానీ తోడేది నేను కదా."

"నువ్వు తోడకపోతే నాను తోడతానా? ఆ నీళ్ళోసే కలిపీ. ఆకలేస్తంది."

పక్కింటావిడ ముక్కు మీద వేలు వేసుకుంది. నాయనమ్మ అటు చూడలేదు.

అమ్మ చెంబు పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. ఎంతకీ రాకపోతే నేను వెళ్ళాను. చేద పైకి వచ్చే ఉంది. అమ్మ తాడు వదలకుండా నిలబడి ఏడుస్తోంది. నన్ను చూసి కూడా కళ్ళు తుడుచుకోలేదు.

"మీ నాయనమ్మకి ఆకలేస్తోందిట, పద" అంది.