ఈదమ్మ పెట్టిన పొంత

కిందటి వారం మా ఇంటి వెనక గోడకు కొత్తరకం వేడినీళ్ల మిషను బిగించారు. పొయ్యి లేదు, గ్యాసు లేదు, లోపల ఎర్రగా కాలే తీగ కూడా లేదట. బయటి గాలిలో ఉన్న వేడిని లాగి నీళ్లకిస్తుందట. "చలికాలం గూడ గాలిల వేడి ఉంటదా నాయనా?" అని అడిగితే బిగించడానికి వచ్చినతను నవ్వి, "ఎంతో కొంత ఉంటదమ్మా, మనకే తెల్వది" అన్నాడు. మా పెద్దవాడు యాదయ్యకు పొద్దున్నే వేడినీళ్లు పడనిదే ఒళ్లు కదలదు. అందుకే ఈ ఆర్భాటం. అంతా అయ్యాక అతను పాత హీటరు విప్పి, లోపల పేరుకున్న తెల్లటి పెచ్చు ఒకటి నా అరచేతిలో పెట్టాడు. "మన నల్లగొండ నీళ్లు గిట్లుంటయ్. నెలకోసారి కింది నల్లా తిప్పి అడుగు నీళ్లు పారబొయ్యిండ్రి" అన్నాడు. పెచ్చు గరుగ్గా, ఇంకా తడిగా ఉంది. తడిసిన సున్నపు గోడ వాసన. అది ముక్కుకు తగలగానే అక్కడే మెట్టు మీద కూలబడ్డాను. పిల్లలు కంగారుపడి మంచినీళ్లు తెచ్చారు. ఏమైందంటే ఏం చెప్పను? ఎప్పుడో అరవై ఏళ్ల కిందట పోయిన మనిషి గుర్తొచ్చిందంటే నవ్వరూ?

ఆమె పేరు ఈదమ్మ. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. ఫోటో కూడా లేదు. నల్లగా, సన్నగా, చింతబరికెలా ఉండేది. చేతులకు మోచేతుల దాకా ఎప్పుడూ ఎర్రమట్టే. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పొలిమేరలో, కల్వకుర్తి సంతకు బండి కడితే పొద్దుగూకే వేళకు చేరే దూరంలో ఉన్న ఊరికి నన్ను పదహారో ఏట కోడలిగా పంపారు. సాలెవాళ్ల ఇల్లు. మా నాయిన బడిపంతులు కాబట్టి ఏడో తరగతి దాకా చదివాను, అమ్మ లేనిదాన్ని కాబట్టి పొయ్యి ఊదడం కూడా సరిగా రాదు. పెళ్లయిన వారానికి ఈదమ్మ తట్టెడు మట్టి నెత్తిన పెట్టుకుని, పిలవని పేరంటాలులా మా ఇంట్లోకి వచ్చింది.

"ఏమే కొత్తకోడలా, మీ అత్త నీతోని నూలు చుట్టిస్తున్నదా, నీళ్లు మోపిస్తున్నదా?" అంది.

"రెండూ" అన్నాను.

"గట్లనా! అయితె నీకు జరంత సుకం చేసిపోత. లే, జరుగు."

మా అత్త గొణిగింది. "ఉన్న పొయ్యి మంచిగనే ఉన్నది గదనే. మళ్ల గీ తవ్వి పోసుడు ఎందుకు?" ఈదమ్మ వినిపించుకుంటేనా! గడ్డపలుగు తీసుకుని మా పొయ్యి పక్క గోడను అప్పటికే పగలగొట్టేసింది. పొంత అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. పొయ్యికి పక్కన ఇంకో గుంట చేసి, అందులో మట్టి కాగు మెడదాకా దించి పూడుస్తారు. వంటకు పోను మిగిలిన సెగ దానికి తగిలి నీళ్లు కాగుతాయి. ఊళ్లో మామూలు పొంతల్లో నీళ్లు గోరువెచ్చన దాటేవి కావు. ఈదమ్మ మాత్రం పొయ్యికీ పొంతకూ మధ్య దారిని వాలుగా, పైకి ఎక్కేటట్టు తీసేది. మట్టిలో ఊక, బూడిద, మేక వెంట్రుకలు కలిపి పిసికేది. ఆమె పెట్టిన పొంతలో నీళ్లు తెర్లవలసిందే, సలసల మరగవలసిందే. అదే ఆమె పనితనం. ఒక్క ఇంట్లోనూ దానికి ఏమీ తీసుకునేది కాదు.

పని అయ్యాక నన్ను కూర్చోబెట్టి చెప్పింది. "తాగుటానికి గీ నీళ్లే. బాయి నీళ్లు వట్టిగ నోట్లె పోసుకున్నవో, నీ చెంప పలుగుతది. నీళ్లు తెర్లి సప్పుడు మారినంక ఇంకో వంద లెక్కవెట్టి ముంచుకో. ఇంకొకటి, కాగు ఎన్నడు ఖాళీ కావద్దు, పలుగుతది. ముంతెడు ముంచితె ముంతెడు పొయ్యి." ఆ చివరి మాట నేను బుద్ధిగా పాటించాను. ఊరంతా పాటించింది. కొన్నాళ్లకు కాగు లోపల తెల్లటి పొర కట్టేది. అది చూసి ఈదమ్మ సంతోషపడేది. "చూసినవా, నీళ్లల్ల మురికంత గిట్ల బయటవడ్డది" అనేది. ఆ పొర ఉంటే మట్టికాగు కారదని ఎవరమూ గీకేవాళ్లం కాదు.

ఆమెకు ఈ పిచ్చి ఎందుకు పట్టిందో మా అత్త తర్వాత చెప్పింది. నేను కాపురానికి రాకముందు ఆ ఊళ్లో గత్తర వచ్చింది. ఇప్పుడు కలరా అంటున్నాం. మూడు రోజుల్లో ఈదమ్మ మొగుడు, ఇద్దరు ఆడపిల్లలు పోయారు. చిన్నదాన్ని బండిలో వేసుకుని తాలూకా దవాఖానకు పోతే దారిలోనే ప్రాణం పోయింది. అక్కడి కంపౌండరు మంచివాడే, జాలిపడి, "నీళ్లు కాచి తాగి ఉంటే బతికేవాళ్లమ్మా" అన్నాడట. ఆ ఒక్క మాట ఆమె బతుకంతా తినేసింది. ఊరికి తిరిగొచ్చి, మైల తీరకముందే మట్టి తొక్కడం మొదలుపెట్టింది. మా ఇంట్లో పెట్టే నాటికి ఊళ్లో ఆమె పొంత లేని ఇల్లు వెతికినా దొరకదు. ఆ తర్వాత ఏళ్లపాటు మా ఊరి వైపు గత్తర తొంగిచూడలేదు. ఆ పుణ్యం ఆమెదే, ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను.

నాకు ఆమె అవ్వ, అమ్మ, అన్నీ. యాదయ్య పుట్టినప్పుడు నా తల ఒళ్లో పెట్టుకున్నది ఆమే. వాడికి తొలిసారి స్నానం పోసింది ఆమే, మా పొంతలో నీళ్లతోనే. నేను ఏడిస్తే, "ఏడువకే, ఏడిస్తె పాలు ఇరుగుతయ్" అని తిట్టేది, తిట్టి తనే కళ్లు తుడుచుకునేది. రోజూ పొద్దున ఇల్లిల్లూ తిరిగేది. చెప్పి ఊరుకునే రకం కాదు. కాగులో వేలు ముంచి చూసి, వెచ్చగా లేకపోతే ఆ ఇంటి ఇల్లాలిని చెడామడా దులిపేది.

యాదయ్యకు పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చినప్పుడు వాటి మీద పసుపుపచ్చ గీతలున్నాయి. గారపళ్లు మా వైపు చాలామందికి ఉంటాయి, పట్టించుకోలేదు. తర్వాత మోకాళ్లు బయటికి వంగడం మొదలైంది. దొడ్డికాళ్లు, నూనె రాస్తే సరిపోతాయన్నారు. రాశాను. ఏడాది తిరిగేసరికి వాడు మగ్గం గుంటలోకి దిగితే పైకి ఎక్కలేకపోయేవాడు. "అమ్మా, గుంజు" అని చేతులు చాపేవాడు. వాడొక్కడే కాదు, వీధికి ఇద్దరు ముగ్గురు అలాంటి పిల్లలు తేలారు. మొక్కులు మొక్కాం, తాయెత్తులు కట్టాం.

ఒక ఎండాకాలం జిల్లా నుంచి ఒక డాక్టరుగారు వచ్చి పిల్లల పళ్లూ కాళ్లూ చూశాడు. ఏ నీళ్లు తాగుతారని అడిగి మా వంటింట్లోకి వచ్చాడు. పొంత కాగులోకి చెయ్యి పెట్టి, గోటితో ఆ తెల్ల పొర గీకి తీశాడు. నేనూ, మా అత్తా, ఈదమ్మా పక్కనే ఉన్నాం.

"ఈ విషం మీ బావి నీళ్లలోనే ఉందమ్మా, రాళ్లలోంచి దిగుతుంది. కాచితే పురుగు చస్తుంది గానీ ఇది చావదు. నీళ్లు ఆవిరైపోతే ఇది కుండలోనే మిగులుతుంది. ఖాళీ చేయకుండా మీద మీద పోస్తుంటే రోజురోజుకూ చిక్కబడుతుంది. ఇక వాగు చెలమ నీళ్లు తెచ్చుకోండి. అవి కాచే తాగండి. కాగు మాత్రం రోజూ పారబోసి కడగండి" అన్నాడు.

ఈదమ్మ అడిగింది. "అయితె నేను చెప్పినందుకే గీ పోరగాల్ల కాళ్లు వంగినయా సారూ?"

"నువ్వు చెప్పకపోయినా వంగేవమ్మా. కొంచెం ఆలస్యమయ్యేదేమో."

ఆయన ఓదార్పుగానే అన్నాడు. కానీ 'కొంచెం' అన్న మాట దగ్గర ఆమె మొహం ఎలా అయిందో నేను చూశాను. ఇంకెవరైనా అయితే ఆ మాట గొంతులోనే మింగేసి, తప్పంతా బావి మీదికి నెట్టేసేవారు. ఈదమ్మ మర్నాడు పొద్దున్నే బయల్దేరి, తాను మొట్టమొదట పొంత పెట్టిన ఇంటి నుంచి మొదలుపెట్టింది. ప్రతి గడప ముందూ నిలబడి ఒకటే మాట. "కాగు ఖాళీ చెయ్యొద్దని నేనే చెప్పిన. గది తప్పు. కాగవెట్టుండ్రి, కాని దినాం పారబొయ్యిండ్రి." కొందరు మొహం మీదే తలుపు వేశారు. ఒకామె పేడనీళ్లు చల్లింది. కొందరు మన్ను పోసి శాపనార్థాలు పెట్టారు. ఆమె పక్కింటికి పోయింది.

మా ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. యాదయ్య గోడ పట్టుకుని నడుస్తున్నాడు. వాణ్ని చూసి ఆమె, "బాలమణీ, నన్ను..." అని ఏదో అనబోయింది. నేను అననివ్వలేదు. కడుపు మంటలో నోరు పారేసుకున్నాను. "నీ పిల్లలు సచ్చిన్రని, కండ్లు మండి నా పిల్లగాని మీద పడ్డవా?" అన్నాను. అని ఊరుకున్నానా? రోకలి తెచ్చి, ఆమె కళ్ల ముందే పొంతను పగలగొట్టాను. కాగు పలిగి నీళ్లు పొయ్యిలో పడి, ఇల్లంతా బూడిద లేచింది. ఆమె అడ్డుపడలేదు. అంతా అయ్యేదాకా నిలబడి చూసి వెళ్లిపోయింది. నన్ను చూసి మా వీధిలో ఇంకా నలుగురు పొంతలు పగలగొట్టారు.

ఊరంతా వాగు నీళ్లకు మారింది. కాచుకోండి అన్న సగం మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. రెండో వేసవిలో వాగు పడమటి వీధిలో గత్తర పుట్టింది. ఒక్క రోజులో రెండిళ్లలో చావు. మా ఆయన బట్టల మూటతో సంతకు పోయి, దారులు ఆపేయడంతో అక్కడే చిక్కుకున్నాడు. ఇంట్లో మా అత్త, నేను, యాదయ్య, నా కూతురు రెండేళ్ల సుగుణ.

ఈదమ్మ మళ్లీ బయల్దేరింది. ఆ వయసులో, ఆ ఎండలో, ఇల్లిల్లూ. "కాగవెట్టుండ్రి తల్లీ, మీ కాల్మొక్కుత." ఎవరు నమ్ముతారు? "ఒక్కపారి ఇన్నందుకు కాళ్లు వంగినయ్, ఇంకోపారి ఇంటె నడుములు ఇరుగుతయ్" అని ఎగతాళి చేశారు. రోగం వచ్చిన ఇళ్లలో ఆమే ఎత్తిపోసింది, ఆమే తుడిచింది. దానికీ మాట పడింది, గత్తరను ఇంటింటికీ మోస్తున్నదని.

నేను కాచాను. మొదటి చావు కబురు వినగానే పొయ్యి వెలిగించి పెద్ద కుండ పెట్టాను. సప్పుడు మారాక వంద లెక్కపెట్టాను. ఆ పూట మిగిలినవి పారబోశాను, కుండ కడిగాను. ఆమె చెప్పింది చెప్పినట్టు, అక్షరం పొల్లు పోకుండా. "ఎవతె చెప్తె చేస్తున్నవే?" అని మా అత్త అడిగితే, "నాకే తోచింది" అన్నాను.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం తలుపు చప్పుడైంది. గడియ తీయలేదు.

"బాలమణీ, కాగవెడుతున్నవా బిడ్డా?" గొంతు జీరపోయింది. "నువ్వు తలుపు తియ్యకు. గా ఒక్క మాట చెప్పు, పోత."

నా వెనక పొయ్యి మీద నీళ్లు తెర్లుతున్నాయి. సుగుణ నా కొంగు పట్టుకుని ఉంది. అయినా అన్నాను. "లేదు. నీ మాట ఇన్నది చాలు, పో."

తలుపుకు చెయ్యి ఆనించినట్టుంది, చెక్క కిర్రుమంది. "పొల్ల కోసమన్న వెట్టు తల్లీ" అంది. అంతే. అడుగులు పక్కింటి వైపు పోయాయి.

రెండు రోజులకు, పొద్దున ఈదమ్మ తన గుడిసెలోనే పోయింది, గత్తరతోనే. మోయడానికి నలుగురు రాలేదు, బండి మీద వేసుకుపోయారు. నేను తలుపు సందులోంచి చూశాను. ఏడుపు రాలేదు. ఆ వేసవికి మా ఊరు పద్నాలుగు మందిని పోగొట్టుకుంది. మా ఇంట్లో ఒక్కరికీ ఏమీ కాలేదు.

తర్వాత నేను నర్సు ట్రైనింగుకు పోయాను. రిటైరయ్యేదాకా పల్లెలు తిరిగాను. ఒకసారి ఒక మాట చెప్పిన ఇంటికి నెల తిరగకుండా మళ్లీ పోయి, ఏమైందో చూసుకునేదాన్ని. తప్పు చెప్పి ఉంటే తప్పు చెప్పానని ఆ గడపలోనే ఒప్పుకునేదాన్ని. మందులు మింగకుండానే మింగామని చెప్పినవాళ్లు వందల మంది నాకు తెలుసు. చేసి కూడా చేయలేదని చెప్పిన మనిషిని నన్ను తప్ప ఇంకొకరిని చూడలేదు. ఊళ్లో ఒక్క ఇల్లూ తన మాట వినలేదనుకుంటూ ఆమె కళ్లు మూసింది.

ఈ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. మొన్న యాదయ్యకు చెప్పాను. వాడి మెడ తిరగదు, మనిషే తిరగాలి. మంచం మీద మెల్లగా నా వైపు తిరిగాడు. నన్ను తిడతాడేమో, ఓదారుస్తాడేమో అనుకున్నాను.

"ఆమె అడిగింది ఒక్క మాటనే గదనే అమ్మా" అన్నాడు.