పనస జిగురుతో అంటించిన కవర్లు

చిన్నాన్న పోస్టుమేన్‌ని మొదటి దెబ్బ చెవి మీద కొట్టాడు. రెండో దెబ్బకు అతని సంచి తెగి ఉత్తరాలు బురదలో పడ్డాయి. ఇంకా కొట్టబోతుంటే నేను వెనకనుంచి నడుం పట్టుకున్నాను. మోచేత్తో నా పెదవి చితక్కొట్టి మరీ కొట్టాడు.

"మా ఉత్తరాలు ఏట్లో పారేస్తన్నావా, పొయ్యిలో ఎడతన్నావా? సెప్పరా!"

"పెట్టెలో ఉంటే కదా బాబూ అట్టుకెళ్తాను! మీ కవరు నానెప్పుడూ సూణ్ణేదు," అన్నాడతను, నెత్తురు కారుతున్న చెవి పట్టుకుని.

అరవైల చివరి సంవత్సరాల మాట. మాది పాతపట్నం దగ్గర పల్లె. అక్కను గరివిడిలో ఫ్యాక్టరీ పని చేసే బావకిచ్చాం. తొలిచూలు. పురుటికి తెచ్చుకోవాలంటే మంచిరోజు వియ్యాలవారే చెప్పాలని నాన్న పట్టుదల. రోజు చెప్పమని కవరు మీద కవరు రాశాడు. జవాబు లేదు. అక్కడ అక్కకు నెలలు నిండుతున్నాయి. చెప్పకుండా వెళ్తే పరువు తక్కువని నాన్న ఇక్కడ పళ్ళు నూరుతున్నాడు.

నా బడి చదువు ఐదో తరగతితో ఆగింది. మిగతాదంతా లైబ్రరీలో బీరువా తర్వాత బీరువా ఖాళీ చేసి సంపాదించుకున్నదే. ఏదైనా చెడిపోతే అన్నీ ఒక్కసారి కెలక్కూడదు, ఒక్కొక్కటే పరీక్షించి చూడాలని అక్కడి విజ్ఞాన పుస్తకాల్లోనే నేర్చుకున్నాను. అందుకే ముందు పెట్టె సంగతి తేల్చడానికి మా ఇంటి చిరునామాకే ఒక కార్డు రాసి, రైస్ మిల్లు గోడకున్న, నాన్న కవర్లు వేసే పెట్టెలోనే వేశాను. కార్డు వచ్చింది. వాచిన ముఖంతో ఆ పోస్టుమేనే తెచ్చి, మా అరుగు మీదికి విసిరి, ఉమ్మి వెళ్ళాడు.

కార్డు వెళ్తోంది, కవరు వెళ్ళడం లేదు. తేడా ఏమిటి? అది తేలకముందే బావ కర్ర పట్టుకుని దిగాడు.

"ఏటి మావా, కడుపుతో ఉన్న కూతురు నీకు బరువైపోనాదేటి? పిలుపు నేదు, కబురు నేదు. మా అమ్మ దెప్పుళ్ళు పడలేక అది కూడు మానేసినాది!"

"రాసినాను! అన్నేసి కవర్లు రాసినాను!"

"అబద్దం!"

కర్ర లేచింది. నాన్న నుదురు చిట్లింది. చిన్నాన్న బావ మెడ దొరకబుచ్చుకుని అరుగు కిందికి లాగాడు. ముగ్గురూ మట్టిలో దొర్లుతూ ఉంటే, ఆ కేకల మధ్య నాన్న మాట ఒకటి నా చెవిన పడింది.

"వియ్యాలోరికి ఎంగిలి ముట్టకుండా జిగురెట్టి మరీ అంటించినానురా!"

ఎంగిలి! నాన్న కవరు అంచును నాలుకతో తడిపేవాడు కాదు. పిట్టల్ని పట్టే పనస జిగురును పుల్లతో అంచు దాటి బయటికి వచ్చేలా దట్టంగా పూసేవాడు. అది ఎన్నాళ్ళకీ ఆరదు.

గునపం అందుకుని మిల్లు వైపు పరుగెత్తాను. నాకేదో పిచ్చెక్కిందనుకుని ముగ్గురూ ఒకరినొకరు వదిలి నా వెనక పడ్డారు. రెండు పోట్లకు పెట్టె తాళం ఊడింది. అడుగున ఏమీ లేదు. చెయ్యి పైకి పోనిచ్చాను. వాన పడకుండా నోటి లోపల వంచిన రేకుకు నాన్న కవర్లన్నీ ఒకదానికొకటి అతుక్కుని గబ్బిలాల్లా వేలాడుతున్నాయి. కార్డులు వాటి పక్కనుంచి జారిపోయేవన్నమాట.

బావ ఒక కవరు పీకి, చిరిగిన కాగితంలో "మంచిరోజు సెలవియ్యగలరు" అన్న ముక్క చదివి, కర్రను మిల్లు కాలవలో పారేశాడు.

"రోజూ వద్దు, గీజూ వద్దు మావా. రేపే తెస్తాను."

తెచ్చాడు. అక్కకు కొడుకు పుట్టాడు. వియ్యాలవారికి ఆ కబురు రాసి, ఇంకా అంటించని కవరు పట్టుకుని నాన్న పోస్టుమేన్ ఇంటికే వెళ్ళాడు, నేను వెంట. అతనికి ఆ చెవి పోయింది. తప్పయిపోయిందన్న మాటను నాన్న రెండో వైపుకు వెళ్ళి మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. అతను కవరు అందుకోలేదు.

"నా ముందర నాలుకతో అంటించు. అప్పుడట్టుకెళ్తాను."

నాన్న గుమ్మంలో నిలబడి, కళ్ళు మూసుకుని, అంచు తడిపాడు.

"ఇంకోపాలి," అన్నాడతను. "కళ్ళు తెరిసి."

నాన్న తెరిచాడు.